ఖాళీ పెట్టెకు సాంబ్రాణి

మా నన్నే సాహెబ్ అన్నకు ఎడమ కన్ను లేదు. ఎలా పోయిందని ఎవరడిగినా చేలో పత్తిపుల్ల గుచ్చుకుందనేవాడు. ఇంత నిబ్బరంగా అబద్ధమాడే మనిషిని నేను మళ్లీ చూడలేదు. మా వదిన సర్దార్‌బీ మాత్రం అది దిష్టేనని తేల్చేసింది. మిగిలిన కన్నయినా చల్లగా ఉండాలని ప్రతి గురువారం సాయంత్రం ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసేది.

సత్తెనపల్లిలో అన్నది బ్యాటరీల పని. పాడైన లారీ బ్యాటరీలు విప్పి, మంచి సీసం పలకలు ఏరి, వేరే పెట్టెలో పేర్చి, యాసిడ్ పోసి చార్జింగ్ పెట్టేవాడు. ఆ కొట్లోకి నిప్పు తేవద్దని వదినకు గట్టిగా చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. మగవాళ్లతో ఇదే చిక్కు.

మిరపకాయల లారీ తోలే జక్రయ్య కోసం అలా పేర్చిన బ్యాటరీ ఒకటి చార్జింగ్‌లో ఉంది. ఆ గురువారం, "ఈ కొట్టొక్కటే ఏం పాపం చేసింది?" అంటూ వదిన నిప్పుల కుంపటితో గడప దాటబోయింది. పెరట్లో చేతులు కడుక్కుంటున్న అన్న చూశాడు. కేకేస్తే ఆగే మనిషి కాదు. ఒక్క ఉరుకున వచ్చి, కాలే కుంపటిని ఉత్త చేతులతో లాక్కుని వీధిలోకి పరుగెత్తాడు.

"మీకేమన్నా పిచ్చా అండీ!" అని వదిన కేకలు.

"చార్జింగయ్యేటప్పుడు దాంట్లోంచి గ్యాసొస్తుంది సర్దారూ. నిప్పు తగిలితే పేలుద్ది. నా కన్ను అట్టాగే పోయింది. గుంటూరులో పని నేర్చుకునేటప్పుడు పక్కనోడు బీడీ వెలిగించాడు. చెబితే ఈ పని మాన్పిస్తావని..."

వదిన ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. కాలిన అన్న అరచేతుల మీద చల్లటి నీళ్లు పోస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున అన్న చార్జింగ్ ఆపాడు. గ్యాసంతా పోయాక, బ్యాటరీ కోసం వచ్చిన జక్రయ్యే దాన్ని అన్న పెరట్లోకి మోశాడు. పరీక్ష చెయ్యాలి. అన్న చేతులు బొబ్బలు.

"టెస్టర్ నేను పడతా," అంది వదిన.

అన్న పనిలో పెట్టుకునే తన కళ్లద్దాలు ఆమెకు పెట్టించి, ఎలా పట్టాలో దూరంగా నిలబడి చెప్పాడు. వదిన టెస్టర్ మొనలు రెండూ బ్యాటరీలో ఒక్కో గది మీద గట్టిగా అదిమింది. టెస్టర్ మధ్యలోని ఇనుప పట్టీ ఎర్రబడింది. ముల్లు మాత్రం కిందికి జారలేదు, అంటే గదిలో బలముంది. ఆరు గదులూ అంతే. జక్రయ్య లారీ మొదటి తిప్పుకే అందుకుంది.

వదిన కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, తనే అన్నకు పెట్టింది.

"ఇకనుంచి ఖాళీ పెట్టెకే సాంబ్రాణి వేస్తా. ఆ తర్వాతే మీరు యాసిడ్ పోయండి. ఈ ఒక్క కన్ను మీది కాదు, నాది."