రోగాల పోటీ

ధర్మేంద్ర పెళ్ళి చేసుకున్నది సొంత అక్క కూతురు ఝాన్సీని. ఆమదాలవలసలో దీనికెవరూ ముక్కున వేలేసుకోరు. అక్క సుభద్రమ్మ అతనికి అత్తయింది. అతని తల్లి తవిటమ్మ ఎలాగూ ఝాన్సీకి అమ్మమ్మే కాబట్టి అత్తాకోడళ్ళ తగువు ఆ ఇంట్లో పుట్టనేలేదు. బావ పోయాక అక్క కూడా వీళ్ళ దగ్గరే ఉంటోంది. ఇంత చక్కటి సంసారం హైదరాబాదులో కూర్చున్న బీమా కంపెనీకి అర్థం కాకపోతే అది వాళ్ళ ఖర్మ.

కారు కొన్న పాపానికి తెల్లకార్డు పోయింది, దాంతో సర్కారు వారి ఉచిత వైద్యమూ పోయింది. అప్పట్నించీ ధర్మేంద్ర ప్రైవేటు హెల్త్ పాలసీల వెంటపడ్డాడు. స్టేషన్ రోడ్డులో మిక్సీలూ ఫ్యాన్లూ అమ్ముకునేవాడు కనక పాలసీనీ మిక్సీని చూసినట్టే చూశాడు. ఏ పార్టుకి వారంటీ ఉంది, ఏ పార్టుకి లేదు, పాడైతే బాగుచేసే చోటు ఎంత దూరం. ఒక కంపెనీకి ఆసుపత్రులన్నీ విశాఖపట్నంలోనే ఉన్నాయి. ఇంకో కంపెనీవాడు ముసలివాళ్ళ పేరెత్తగానే లైను కట్ చేశాడు. మూడోది నచ్చింది. శ్రీకాకుళంలోనే ఆసుపత్రి ఉంది, పెద్దవాళ్ళనీ చేర్చుకుంటారు. ఆదివారం భోజనాలయ్యాక ఆ కంపెనీ నుంచి హేమ అనే అమ్మాయి ఫోన్ చేస్తే, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

“ఈ కాల్ రికార్డ్ అవుతుంది సార్. మీరు, మీ భార్య, ఇద్దరు పిల్లలు. ఇంకెవరు?”

“మా యమ్మ. మా యక్క.”

“సిస్టర్‌కి కవర్ రాదు సార్.”

“అక్కంటే ఉత్త అక్క కాదమ్మా. మా యత్త.”

“ఇందాక అక్క అన్నారు కదా సార్?”

“అక్కే. అత్త కూడాను.”

“అంటే ఇద్దరా సార్?”

“ఒకర్తే.”

అవతల కీబోర్డు మీద టకటకా కొట్టి, కొట్టింది చెరిపేస్తున్న చప్పుడు వినపడింది. ఝాన్సీకి జాలేసి, మొగుణ్ణి పక్కకి తోసి ఫోన్ మీదికి వంగింది. “నాను సెప్తానుండండి. ఇంట్లో మా యమ్మ ఉన్నాది, మా యమ్మమ్మ ఉన్నాది. అంతే.”

“గ్రాండ్‌మదర్‌కి కవర్ రాదు మేడమ్.”

“అమ్మమ్మంటే మా యత్తగారేనండి.”

హేమ గటగటా మంచినీళ్ళు తాగడం స్పీకర్లో వినపడింది. పాపం, ఏ చుట్టరికాలూ లేని ఊళ్ళో పుట్టిందేమో ఆ పిల్ల. చివరికి ఎలాగో తేల్చుకుంది. సార్ గారి అమ్మగారు ఒకరు, సార్ గారి అత్తగారు ఒకరు. తేల్చుకున్నాక అసలు బాంబు పేల్చింది.

“సార్, ఈ ప్లాన్‌లో అమ్మానాన్నల్నైనా రాయాలి, అత్తమామల్నైనా రాయాలి. ఇటొకరూ అటొకరూ అంటే కుదరదు. ఎవర్ని రాయమంటారు?”

ధర్మేంద్రని కన్నది అమ్మ. అమ్మ పొలానికెళ్తే చంకనేసుకుని మోసిందీ, ముద్దలు పెట్టిందీ అక్క. రెండో మనిషికి వేరే పాలసీ తీసుకుంటే ఎంతవుతుందని అడిగాడు. హేమ చెప్పింది. ధర్మేంద్ర కిటికీలోంచి తన కారు వైపు దిగులుగా చూశాడు. ఇద్దరాడవాళ్ళూ ఎదురుగానే కూర్చున్నారు. ఒకరి పేరు చెప్పి రెండోవాళ్ళ మొహం ఎలా చూడడం?

సుభద్రమ్మే ముందు అందుకుంది. “అమ్మనే రాయించరా. నాకేటి, గుండ్రాయిలాగున్నాను.”

“ఒద్దు. దాన్నే రాయమ్మా,” అంది తవిటమ్మ.

“ముందు జబ్బులేమైనా ఉంటే చెప్పాలండి,” అంది హేమ. “జబ్బులున్నవాళ్ళని కంపెనీ చేర్చుకోవడం కష్టం.”

ఆ మాట చెవిన పడగానే తల్లీకూతుళ్ళిద్దరూ నిటారుగా కూర్చున్నారు. చేర్చుకోకూడదంటే జబ్బుండాలన్నమాట.

“నాకు సుగరున్నాది,” అంది సుభద్రమ్మ.

“గుండ్రాయిలాగున్నానన్నావు కదే ఇప్పుడే?” అంది తల్లి.

“గుండ్రాయికి సుగరు రాకూడదేటి?”

తవిటమ్మ తగ్గుతుందా? “నాకు బీపీ అమ్మా. రెండు రకాలు.”

“బీపీ రెండు రకాలుంటాదేటమ్మా?” అని కూతురు నిలదీసింది.

“పొద్దుటొకటి, సాయంత్రమొకటి.”

సుభద్రమ్మ కిడ్నీలో రాళ్ళు చెప్పింది. తవిటమ్మ ఆస్మా చెప్పి, నమ్మకం కుదరడానికి దగ్గి చూపించింది. ఆ దగ్గుకి వీధిలో కుక్క మొరిగింది. సుభద్రమ్మ పచ్చకామెర్లన్నది. ఎప్పట్నించండీ అని హేమ అడిగితే, నిన్న సాయంత్రం నుంచి అంది. ఝాన్సీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ధర్మేంద్ర తల పట్టుకున్నాడు. ఒళ్ళు కాలిపోతున్నా నాకేటీ నేదు అని పనులు చేసుకునే మనుషులు వీళ్ళు. ఇవాళ చూడు, సంతలో సరుకులా పేర్చి పెడుతున్నారు.

తవిటమ్మకి రోగాల పేర్లు అయిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆసుపత్రి గడప తొక్కలేదు, ఇంకెన్నని తెలుస్తాయి? కాసేపు వెతుక్కుని, మెల్లగా అంది.

“మేడ మెట్లెక్కుతుంటే గుండెలమీద ఎవులో కూకున్నట్టుంటాదమ్మా. ఎడం సెయ్యి లాగుతాది. మద్దెలో కూకుండిపోతాను. దాని పేరేటో నాకు తెల్దు.”

సుభద్రమ్మ తల్లి వైపు తిరిగింది. “అందుకేనా, ఆరిన బట్టలు తెమ్మని నన్ను పంపుతన్నావు?”

“అదీ అబద్దమేనే.”

“అయితే ఎక్కి సూపించు.”

తవిటమ్మ లేచింది. గుమ్మం దాకా వెళ్ళి మెట్ల వైపు చూసింది. “పొయ్యిమీద పాలున్నాయి,” అని వెనక్కి తిరిగింది. పొయ్యిమీద పాలు లేవు.

“సార్,” అంది హేమ. అంతసేపూ ఏదో చదువుతున్నట్టు మాట్లాడిన పిల్ల గొంతు మారిపోయింది. “పాలసీ తర్వాత చూద్దాం. ఆవిణ్ణి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.”

ధర్మేంద్ర అప్పటికే కారు తాళాలు అందుకున్నాడు. తవిటమ్మ మాత్రం తాపీగా ఫోన్ మీదికి వంగింది.

“అయితే నన్ను రాయరు కదమ్మా?”

“కష్టమేనండి అమ్మా.”

ముసలిదాని మొహం వెలిగిపోయింది. “మరైతే దాని పేరు రాసీ. సుబద్ర. దానికే రోగమూ నేదు, అన్నీ కోతలే. రికారుడవుతాంది కదా, నానే సాచ్చికం.”

శ్రీకాకుళంలో డాక్టరు అన్నీ చూసి, ఒక రక్తనాళం పూడుకుపోతోందని, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణని, ఇప్పుడు ప్రాణానికి భయం లేదని చెప్పాడు. ధర్మేంద్ర గోడకానుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. సుభద్రమ్మ మాత్రం తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఏడుపు ఆపడం లేదు.

తవిటమ్మ చెయ్యి చాచి కూతురి తల నిమిరింది.

“ఓడిపోతే మట్టుకు అలాగ ఏడుస్తారేటే?” అంది.