గురువారం చుట్టం

ఓడ గురువారం పొద్దున్నే టర్కీలోని కుషాదాసు రేవులో ఆగుతుంది. ప్రయాణికులు శిథిల నగరం రాళ్ళు చూడడానికి బస్సులెక్కుతారు. ఓడలో పనిచేసే గుల్సెరెన్ వాళ్ళ గదులు ఊడ్చి, పక్కలు మార్చి, ఇంటికి వెళుతుంది. వారానికొకసారి సొంత ఊళ్ళో దిగడం ఎంత అదృష్టమో అని తోటివాళ్ళు కుళ్ళుకుంటారు. అదృష్టమేమో గానీ, ఈ గురువారం ఆమెకు ఓడ మెట్లు దిగే ఓపిక కూడా లేదు. వేసవంతా గ్రీకు దీవుల చుట్టూ తిరిగిందన్న మాటే గానీ, ఆమె చూసిన దీవులన్నీ ప్రయాణికుల గదుల్లోనే. సాంతొరిని అంటే స్నానాల తొట్టిలో నల్ల ఇసుక. రోడ్స్ అంటే చెత్తబుట్ట నిండా సబ్బు కాగితాలు. దులిపీ దులిపీ భుజాలు పడిపోయాయి.

పైగా ఇవాళ ఒక మాట తేల్చాలి. చలికాలం ఈ ఓడ ఎక్కడో అవతలి సముద్రానికి పోతుంది. దానితో పోతే వసంతం దాకా ఇంటి మొహం చూడడానికి ఉండదు. వస్తుందో రాదో ఓడ కదిలేలోపు చెప్పమన్నారు పైవాళ్ళు. మొగుడు వద్దంటే బాగుండునని ఆమె ఆశ. ఆ ఆశతోనే తలుపు తట్టింది.

తీసింది కూతురు బెర్రిన్. పదకొండేళ్ళ పిల్ల, ఇస్త్రీ గౌనులో బొమ్మలా నిలబడింది. చుట్టాల కోసం అల్మారాలో దాచే పూల చెప్పులు తెచ్చి అమ్మ కాళ్ళ ముందు పెట్టింది. వాళ్ళకు పోసినట్టే చేతుల్లో నిమ్మ వాసన కొలోన్ పోసింది. దయచేయండి అనడం ఒక్కటే తక్కువ. పడవ ఇంజన్లు బాగుచేసే మొగుడు నజ్మి చేతుల నల్లమడ్డి వదిలేదాకా తోముకుని, తెల్లచొక్కా తొడుక్కుని ముందుగదిలో కూర్చున్నాడు. బల్ల మీద బంగారు అంచు కప్పులు.

"ఇంకో కేకు ముక్క తీసుకో. మొహమాటపడకు."

"నాకు మొహమాటమేంటి నజ్మీ?"

"అయ్యో, ఊరికే అన్నాను."

"చలికాలం కూడా రమ్మంటున్నారు. ఏం చెప్పమంటావు?"

నజ్మి కప్పు కింద సాసరు సర్దాడు. "నీ ఇష్టం. నీకెలా వీలైతే అలా."

ఆమె మనసు చివుక్కుమంది. వీలట! పక్కింటావిడతోనైనా ఇంతకంటే చనువుగా మాట్లాడతాడు. పోట్లాడే ఓపిక లేక టీ తాగేసి లేచింది. బెర్రిన్ గుమ్మంలో నిలబడి ఆమె వెనకాల చెంబుడు నీళ్ళు పోసింది, నీళ్ళలా వెళ్ళి నీళ్ళలా తిరిగి రమ్మని. సెలవులకొచ్చి వెళ్ళే చుట్టాలకు పోసే నీళ్ళే అవి. వస్తానని చెప్పేద్దాం, ఇక్కడ ఎవరికి లోటు అనుకుంటూ గుల్సెరెన్ రేవుకు నడిచింది.

రేవులో గాలి విసిరికొడుతోంది.

"ఇప్పట్లో ఓడ కదలదక్కా," అన్నాడు గేటు కాపలావాడు. "కదిలేసరికి చీకటి పడుతుంది. ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చరాదూ?"

మళ్ళీ వెళితే పాపం మళ్ళీ ఆ కప్పులు దించాలి వాళ్ళు. ఓడలో పడుకుందామంటే ఇంజన్ల రొద. కాళ్ళు వాటంతటవే ఇంటిదారి పట్టాయి.

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి కేకలు.

"మిరపకాయలన్నీ నువ్వే ఏరుకుంటున్నావు, సిగ్గులేదా నాన్నా!"

"నా వైపు రొట్టె పెట్టావంటే చెయ్యి విరుస్తా."

వంటగది నేల మీద పాత పేపరు పరిచి, మధ్యలో మసిబట్టిన మూకుడు పెట్టుకున్నారు. అందులో టొమాటోలు, గుడ్లు కలిపి వండిన మెనెమెన్. నజ్మి చిరుగుల బనీనుతో, బెర్రిన్ వెలిసిపోయిన పైజామాతో, ఇద్దరూ రొట్టె ముంచుకుని ఎగబడి తింటున్నారు. ఆమెను చూసి కొయ్యబారిపోయారు. నజ్మి నోట్లో ముద్దతోనే చొక్కా కోసం తడుముకున్నాడు.

"రా, రా! బెర్రిన్, ముందుగది తలుపు తియ్యి, కప్పులు..."

"కప్పు తీశారంటే నేలకేసి కొడతాను," అంది గుల్సెరెన్. ఏడుపు తన్నుకొచ్చింది. "అక్కడ అందరికీ మర్యాదలు చేసి చేసి చస్తున్నాను. ఇక్కడికొస్తే మీరు నాకు మర్యాదలు చేస్తారా? నేనేమన్నా చుట్టాన్నా?"

బూట్లు విదిలించి, ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని రొట్టె తుంచింది.

"అలిసిపోయి వస్తావు కదా అని..." నసిగాడు నజ్మి. "వచ్చేదే ఒక్కపూట."

ఆమె మిరపకాయ ఏరుకుంది. మూకుడు అడుగు కనబడేదాకా ముగ్గురూ తిన్నారు.

బెర్రిన్ నాన్న వంక ఓసారి చూసి, గొంతు సవరించుకుంది. "ఆఖర్న వచ్చినవాళ్ళే మూకుడు తోమాలి. మా ఇంట్లో అంతే."

"నోర్ముయ్!" కసిరాడు నజ్మి.

"ఎవరింట్లో?" అంది గుల్సెరెన్.

"మనింట్లో," అంది బెర్రిన్, తల వంచుకుని.

గుల్సెరెన్ లేచి కుళాయి విప్పింది. మాడు ఎన్నాళ్ళదో, ఓ పట్టాన వదలలేదు. భుజాలు ఎప్పటిలాగే సలుపుతున్నాయి.

"ఏమే," అన్నాడు నజ్మి వెనక నుంచి, మొరటుగా. "చలికాలం నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు. కుదరదని చెప్పెయ్."

"ఇందాక అడిగితే నోరేమైంది?"

"ఇంటికొచ్చిన చుట్టాన్ని వెళ్ళొద్దని కట్టేస్తారా ఎవరైనా?"

ఆమె చేతిలోని తడి పీచు అతని మొహానికేసి కొట్టింది. చేతులు తుడుచుకోకుండానే ఓడకు ఫోను చేసింది.