తెరచాపలో తలపాగా

పొద్దున్నే పడవ నడిపే కామయ్య చేసే మొదటి పని తెరచాపను బతిమాలుకోవడం. ధాత సంవత్సరం కరువు పోయి పెన్నకు నీళ్ళొచ్చినాయి గానీ, పడవకు కొత్త చాప కుట్టించే స్తోమత ఎవరికుంది? ఊళ్ళోవాళ్ళు తలా ఒక పాతబట్ట ఇస్తే అన్నీ కలిపి కుట్టుకున్నాడు. ఆ చాపలో ఎవరి ముక్క వాళ్ళున్న దిక్కుకే లాగేది. కట్టినోళ్ళ దగ్గరికి పోక బట్ట ఇంకెక్కడికి పోతుంది?

పెంచలమ్మ అనంతసాగరంలో పుట్టింటికి పోయిందా, ఆమె చీరముక్క అటే పొంగేది. కామయ్య కుడి మోకు బిగించేవాడు. రమణయ్య కల్లంగడిలో కూర్చుంటే ఆయన పంచెముక్క కూడా అంగడి దారే పట్టేది. అప్పుడు ఎడమ మోకు వదలాలి.

"రమణయ్యా, నీ పంచెకన్నా సిగ్గుండొద్దా!" అని కామయ్య అరిస్తే గట్టంతా నవ్వేది.

చాప కట్టే కొయ్య పక్కనున్న ఎర్రముక్క మాత్రం కదిలేది కాదు. అది శీనమ్మ మొగుడు సుబ్బన్న తలపాగా. కరువులో సముద్రం పక్కన కాలవ తవ్వే పనికి పోయినాడు. రెండేళ్ళుగా కబురు లేదు, చచ్చిపోయినాడన్నారు. పోయినోళ్ళ బట్ట గాలికి ఆడకూడదని పెద్దోళ్ళు దాన్ని మడిచి, చుట్టూ కుట్టేయించారు.

ఆ రోజు శీనమ్మ మూటతో పడవెక్కింది. అన్న పిచ్చయ్య ఆమెను ఏరు దాటించి, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి తీసుకుపోతున్నాడు. శుక్రవారం ఆమెకు మారుమనువు. పిచ్చయ్య మంచోడే. చెల్లెలు ఒంటరిగా గంజి తాగుతుంటే చూడలేకపోయాడు. శీనమ్మకే పోవాలని లేదు.

"ఏడస్తా ఉండావా?"

"లేదులే అన్నా, గాలికి కళ్ళు నీళ్ళు కారినాయి."

గాలెక్కడిది? ఏటి నడుమ పడవ నిలబడిపోయి ఉంటే! కామయ్య మోకులు బిగించాడు, వదిలాడు, తిట్టాడు.

"చాప చాల్లేదు. ఆ మడత విప్పితే ఇంకో మూర వస్తాది. ఏమంటావు శీనమ్మా?"

శీనమ్మ ఎర్రముక్క వంక చూసింది. "పోయేటప్పుడు ఆయన సాయం కూడా ఉండనీలే మామా" అని, లేచి కుట్టు పంటితో కొరికేసింది.

ఎర్రముక్క గుప్పున పొంగింది. పడవ గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏంది కామయ్యా! ఆత్మకూరు అటుంటే ఇటు పోతావేంది?" పిచ్చయ్య కేకేశాడు.

"నేనెక్కడ పోతాండాను సామీ? అదే పోతాండాది!"

అంటూనే కామయ్యకు సంగతి తట్టింది. శీనమ్మ ముఖం చూశాడు. మిగతా మోకులన్నీ వదిలేశాడు. పెంచలమ్మ చీర, రమణయ్య పంచె కిక్కురుమనకుండా వేలాడాయి.

గట్టు మీద ఒక మనిషి, పుల్లలాగా చిక్కిపోయి, పార భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంటికి గొళ్ళెం పెట్టి యాడికే పోతా ఉండావు? నా తలపాగా ఏది? నెత్తి మాడిపోతా ఉండాది!"

పడవ ఆగకముందే శీనమ్మ మోకాటి లోతు నీళ్ళలోకి దూకింది. తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. తర్వాత తన కొంగు తీసి సుబ్బన్న నెత్తిన కప్పింది.