పాత రోడ్డు మీద కళ్ళం

గుండప్ప కర్రతో రాగికంకుల్ని మళ్ళీ ఒకసారి తిరగేశాడు. బేతమంగలం పాత తారురోడ్డు మీద పొద్దున పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. బండి వస్తే కదా నలగడానికి. కొత్త హైవే పడ్డాక లారీలన్నీ అటే పోతున్నాయి. ఆ రోడ్డు వేసినవాళ్ళకు గుండప్ప రాగుల సంగతి ఎవరు చెబుతారు, చెప్పినా ఎవరు వింటారు.

వాళ్ళ నాయన ఎద్దులతో తొక్కించాడు. తర్వాత రాతిగుండు వచ్చింది. బంగారు గని మూతబడి గుండప్ప ఊరు చేరేసరికి, ఊరి కళ్ళమంతా రోడ్డుకెక్కింది. లారీలే ఎద్దులయ్యాయి. ఇప్పుడు ఎద్దులూ లేవు, గుండూ లేదు, లారీలూ లేవు. తూర్పున మబ్బు మాత్రం ఉంది. తడిస్తే రాగులు మొలకెత్తుతాయి. ఏడాది తిండి అదే.

గనిలో తల వంచి నడిచిన వంగుడు అతని వీపులో అలాగే నిలిచిపోయింది. నాలుగుసార్లు కర్ర ఆడిస్తే చాలు, ఛాతీలో పాత రాతిదుమ్ము గీరుకుంటుంది.

“హైవే మీద పరచు పో. ఆడ బండ్లు చీమల మాదిరి పోతుండాయంట,” అంది భార్య చిన్నవెంకటమ్మ, చేట దులుపుతూ.

“ఆడయితే రాగుల్ని కాదే, నన్నే నూరుస్తారు.”

మధ్యాహ్నం దాటాక ఒక తెల్లకారు వచ్చి కంకుల ముందు ఆగింది. గడ్డి చక్రాలకు చుట్టుకుంటుందని తిట్టిపోయేవాళ్ళు కొత్త కాదు. నడుపుతున్నది పక్కూరి ఉమేశ్, ఏదో ఫ్యాక్టరీలో డ్రైవరు. వెనక నుంచి తల నెరిసిన పరదేశి ఒకడు దిగాడు. కంకుల అంచున బూట్లు విప్పి, వట్టికాళ్ళతో లోపలికి నడిచాడు. విప్పమని ఎవరూ చెప్పలేదు.

“వియత్నాం సారు మామా. వాళ్ళూర్లో గూడా వడ్లు ఇట్లే రోడ్డు మీద పరుస్తారంట. వాళ్ళ తాత కాలంలో బర్రెల్తో తొక్కించేదంట, ఆ మీదట రాతిగుండంట.”

“ఎద్దులు లేవా వాళ్ళకి?”

“బర్రెలే వాళ్ళకి ఎద్దులు మామా.”

పరదేశి తానే కారెక్కి ముందుకూ వెనక్కూ నడిపాడు. కంకులు చిటచిటలాడాయి. గుండప్ప తిరగేశాడు, అతను తొక్కించాడు. చివరికి గడ్డి తీసి, రాగులు కుప్పజేసి, చేటకెత్తారు. తూర్పార పట్టడానికి గాలి లేదు. గాలి రాకుంటే నాయన ఈల వేసి దాన్ని పిలిచేవాడు. గుండప్ప పెదాలు ముడిచాడు, ఊపిరి చాలలేదు. అంతలో పక్కన ఈల వినబడింది. సన్నగా, పొడుగ్గా, చివర కాస్త పైకి లేచే ఈల.

గుండప్ప తిరిగి చూశాడు. వేస్తున్నది పరదేశి.

“ఈయనకెవురు నేర్పించినారప్పా?”

ఉమేశ్ అడిగి చెప్పాడు. “వాళ్ళ తాతంట.”

“మా నాయనకెవురు నేర్పించినారో మరి.”

ఎన్ని సముద్రాల అవతలో ఒక ముసలాయన ఇలాగే చేట ఎత్తుకుని, ఇలాగే గాలి కోసం నిలబడ్డాడు. ఆ ముసలాయనా, నాయనా ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. చింతాకు కదిలింది. పొట్టు ఎగిరింది.

చినుకులు మొదలయ్యేసరికి రాశి పడింది. కప్పిన టార్పాలిన్ పట్ట ఒక మూలకు చాలలేదు. పరదేశి కార్లోంచి నల్లగొడుగు తెచ్చి, విప్పి, ఆ మూల గుచ్చాడు. అతను గుండప్ప రెండు చేతులూ పట్టుకుని ఊపి, కారెక్కి వెళ్ళిపోయాడు. గుండప్ప ఛాతీ పట్టుకుని రాశికి ఆనుకుని కూర్చున్నాడు.

“ఇంగ నువ్వు లేయొద్దు. ఇంట్లో ఇంకో పట్ట ఉండాది, తెస్తాను,” అంటూ చిన్నవెంకటమ్మ పరుగెత్తింది.

పట్ట తెచ్చి, “ఇదో, ఈ కొస పట్టుకో,” అంది. గుండప్ప పట్టుకోలేదు. రాశికి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా రాగుల్లో ఉంది. ఆమె ఇంకోసారి పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత పట్ట వదిలేసి అతని పక్కన కూలబడింది.

వాన పెరిగింది. గొడుగు చువ్వల కొసల నుంచి నీళ్ళు రాశికి అవతలగా, తారు మీద పడుతున్నాయి.