ఎడమ చేతి నూగు

ఇంతమంది ఒక కోటుని చూసి ఏం చేసుకుంటారో, కన్ను గుర్తు పక్కన ముప్పై ఒకటి, ఇదిగో ముప్పై మూడు, అక్క మాత్రం ఇంకా రాలేదు, వస్తుంది, ఏడున్నర దాటితే గాని రాదు, అక్కడా నీళ్లు పట్టుకోవాలి, టీ పెట్టుకోవాలి, ఆ తర్వాత కదా ఫోను, అనుకుంటూ దర్జీ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, ఫోనుని మిషను బల్ల మీద దారపు ఉండకి ఆనించి నిలబెట్టాడు, ఆరేళ్లుగా ఇదే అలవాటు, కుట్టడం అయిపోయిన బట్టల్ని హ్యాంగరుకి తగిలించి ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఎవరివి వాళ్లు గుర్తుపట్టి వచ్చి పట్టుకుపోతారు, అందరికీ ఫోన్లు చేసే బాధ తప్పుతుంది, దానితో తనకి అంతవరకే పని, చూసినవాళ్ల పేర్లు కూడా కనబడతాయని మూడు నెలల కిందటి దాకా తెలియదు, కాజాలు కుడుతున్న భార్య ఒకరోజు ఫోను లాక్కుని వేలితో పైకి తోసి, ఇదిగో చూసుకోండి మీ మందని, అంది, ఆ మందలో బట్టలు కుట్టించుకున్నవాళ్లు, కొలతలిచ్చి గుడ్డ ఇవ్వనివాళ్లు, పాలు పోసే ఆయన, ఎప్పుడో పంపు బాగుచేసిన ఆయన, వాళ్ల మధ్యన ఏమీ ఎరగనట్టు, అక్క, రెండే అక్షరాలు, మాటలాగి ఏళ్లయిన అక్క, పొరపాటున నొక్కుకుని ఉంటుందిలే అన్నాడు పైకి, మర్నాడూ అక్క, ఆ మర్నాడూ అక్క, భార్య దారం పళ్లతో తెంపుతూ, రోజూ పొరపాటేనా, అవతలివాళ్ల ఫోన్లో మన నంబరుంటేనే మనది వాళ్లకి కనిపిస్తుందట, ఆవిడది మీరు చెరపలేదు, మీది ఆవిడ చెరపలేదు, ఇక మాట్లాడుకోడానికి మధ్యవర్తులు రావాలా, అంది, తను సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు, ఆ సూదిలో దారం ఎప్పుడో ఎక్కే ఉంది.

అప్పట్నుంచీ బట్టలు తిరగేసి ఫొటో తీసే పిచ్చి పట్టుకుంది తనకి, బ్యాంకులో పనిచేసే ఆయన వచ్చి, ఏమయ్యా, నా చొక్కా లోపలిది పైకి పెట్టావు, నేనలాగే తొడుక్కుపోవాలా, అని ఆటపట్టించాడు, ఆయనకేం చెప్తాడు, అక్క పైవైపు చూడనే చూడదని, పని నేర్పే రోజుల్లో ఏది కుట్టి ఇచ్చినా తిరగేసి గుమ్మం దగ్గర వెలుగులోకి పట్టుకెళ్లి, కుట్ల మీద బొటనవేలు నడిపిస్తూ, మాటాపలుకూ లేకుండా నిలబడేదని, ఆ నిలబడినంతసేపూ పదహారేళ్ల తను ఊపిరి బిగబట్టేవాడని, ఏమీ అనకుండా మడతపెట్టిందంటే బాగుందని, విప్పు అందంటే విప్పాలని, ఒరే పుర్రచేతోడా అని పిలిచేది, ఆ చేతికి సరిపడే కత్తెర కోసం మూడు బజార్లు తిరిగింది, నీ గాట్లన్నీ ఎడమకి ఒరుగుతాయిరా, నువ్వు కోసిన గుడ్డని గుడ్డివాడైనా గుర్తుపడతాడు, అని నవ్వేది, ముప్పై ఎనిమిది, ఇంకా లేదు.

ఇవాళ మాత్రం తిరగెయ్యలేదు, ఎలా తిరగేస్తాడు, మ్యాజిక్ మాస్టారి కోటు, చిక్కటి నీలం వెల్వెట్, అద్దం ముందు వేలాడదీస్తే వేసవిలో చెరువు లోతులా ఉంది, పైవైపే తీశాడు, అక్క కూడా ఒక్కసారి మురుస్తుందని, కోటంటేనే జంకు తనకి, పదకొండేళ్లయినా, ఆ రోజు ఒకే తానులోంచి రెండు కోట్లు కోశారు, ఒకటి అక్క, ఒకటి తను, ముక్కలన్నీ ఒకే కట్టలో కలిసిపోయాయి, ట్రయల్ రోజున ఒక కోటు కుట్టించుకుంటున్న కాలేజీ ప్రిన్సిపాలుగారు తొడుక్కుంటే చేతులు మణికట్టుకి నాలుగు వేళ్లు పైనే ఆగిపోయాయి, ఎవరయ్యా కోసింది, అని ఆయన తనని అడిగాడు, కొట్టు బోర్డు మీద తన పేరు రాయించి నెల కూడా కాలేదు, తను అబద్ధమాడలేదు, నోరే విప్పలేదు, అక్క వైపు చూశాడు, అంతే, అక్క మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టి, నేనేనండి, కళ్లు మసకబారుతున్నాయి, అంది, ఆ మాట బజారంతా పాకింది, ఆ నెలలోనే అక్క వేరే ఊరికి వెళ్లిపోయింది, కత్తెర ముట్టుకోవడం లేదని ఎవరో చెప్పారు, నేను కోసిన కోటుకి నిజంగానే తన చెయ్యి తప్పిందనుకుంది పాపం, తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది, పోగొట్టింది నేను, ఒక్క చూపుతో, మొదట్లో ఫోను చేస్తే ఏం మాట్లాడాలో తెలియక వానల గురించి అడిగేవాడు, తర్వాత వానల గురించి కూడా అడగలేదు.

నలభై ఒకటి, వేలితో పైకి తోశాడు, ఉంది, అక్క, ఏడూ ముప్పై నాలుగు, హమ్మయ్య అనుకునేలోపే ఫోను వణికి దారపు ఉండ దొర్లిపోయింది, అక్క నుంచి మెసేజి, పదకొండేళ్లలో మొదటిది, చదవాలంటే భయమేసి ముందు కళ్లజోడు తుడుచుకున్నాడు.

కోటు ఎడమ చెయ్యి నూగు పైకి ఉంది. విప్పు.

ఉండదే, తనే కోశాడు, తనే కుట్టాడు, లేచి వెళ్లి కోటు ముందు భాగం మీద అరచెయ్యి పైనుంచి కిందికి జార్చాడు, వెల్వెట్ నూగు పిల్లి వీపులా నున్నగా దిగింది, కుడి చెయ్యి, అదీ అంతే, ఎడమ చెయ్యి, అరచేతికి గరుగ్గా ఎదురు తిరిగింది, గుడ్డ కలిసొస్తుందని ఆ ఒక్క ముక్కనీ తలకిందులుగా కోసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది, వెనక్కి జరిగి చూశాడు, నిజమే, ఆ చెయ్యి నీలం రవ్వంత ముదురు, రెండు రోజులుగా ఎదురుగా వేలాడుతుంటే తనకి కనబడలేదు, కాజాలు కుట్టిన భార్యకి కనబడలేదు, ఎన్ని కొండలవతలో కూచుని, అగ్గిపెట్టెంత బొమ్మలో, ఆ రవ్వంత తేడాని పట్టేసింది అక్క.

కళ్లు మసకబారాయన్న అక్క, ఈ కళ్లా మసకబారింది, ఇంత దూరం నుంచి నూగు వాలుని చూసిన మనిషికి ఆ రోజు బల్ల మీద ఆ కోటు చేతుల గాట్లు ఎడమకి ఒరిగి ఉండటం కనబడలేదా, నా గాట్లు, గుడ్డివాడైనా గుర్తుపడతాడని తనే కదా నవ్వింది, చూసే ఉంటుంది, చూసి, తెలిసి, టేపు తీసి పెట్టి, కొత్తగా బోర్డు కట్టిన తమ్ముడి పేరు నిలవాలని తన కళ్లని పణంగా పెట్టింది, తను ఇన్నేళ్లూ అక్కని మోసం చేశాననుకున్నాడు, అక్కని మోసం చెయ్యడం ఎవరి తరం, ఒక్కో అక్షరం వెతుక్కుని రాశాడు, అక్కా, ఆ ప్రిన్సిపాలుగారి కోటు కోసింది నేనే, పంపేశాడు, రెండు టిక్కులు, నీలంగా మారాయి, రాస్తోంది అని వచ్చింది, ఆగింది, మళ్లీ రాస్తోంది, ఆ మూడు చుక్కలు కదులుతున్నంతసేపూ అక్క గుమ్మంలో వెలుగుకి ఎదురుగా నిలబడి ఉన్నట్టే ఉంది, తను ఊపిరి బిగబట్టి, పదహారేళ్లవాడై.

బ్లేడు తీసుకున్నాడు, భుజం కుట్టు దగ్గర మొదటి దారం తెంపుతుండగా మ్యాజిక్ మాస్టారు వచ్చాడు, అదేంటి టైలరుగారూ, అయిపోయిందని ఫోన్లో పెట్టారుగా, సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకుని ఇప్పుడు విప్పుతున్నారేంటి, అని గుమ్మంలోనే ఆగిపోయాడు, మధ్యాహ్నానికి ఇచ్చేస్తానండి, ఇంకో చేతికి సరిపడా ముక్క మిగిలే ఉంది, మా అక్క చూసి విప్పమంది, అన్నాడు దర్జీ, ఆయన అద్దం వైపు చూశాడు, ట్రయల్ గది తెర వైపు చూశాడు, మనుషుల్ని మాయం చేసే మనిషి, బల్ల కిందికి కూడా వంగి చూశాడు, మీ అక్కగారు ఎక్కడండీ, అన్నాడు.

ఫోను వణికింది.

తెలుసురా పుర్రచేతోడా. ముందు చెయ్యి విప్పు. ఆరేళ్లలో ఇదొక్కటే తప్పు.

ఆరేళ్లలో, మూడు నెలలు కాదు, స్టేటస్ పెట్టడం మొదలైన రోజు నుంచీ, జాబితా అనేది ఒకటుందని తనకి తెలియని పొద్దులన్నిటా, తను షట్టరు ఎత్తి అయ్యో నా కుట్టు చూసేవాళ్లు లేరని మిషను తొక్కుకుంటున్న పొద్దులన్నిటా, వచ్చింది, ఒక్కో చొక్కానీ, ఒక్కో కోటునీ రెండు వేళ్లతో సాగదీసి వెలుగులోకి పట్టుకుంది, ఏమీ అనకుండా మడతపెట్టింది, ఏమీ అనలేదంటే బాగున్నట్టు, దర్జీ తల ఎత్తకుండా రెండో దారం తెంపాడు, ఇక్కడేనండి, అన్నాడు మ్యాజిక్ మాస్టారితో, ఎప్పుడూ ఇక్కడే ఉంది.