మధ్యలో మాన్పించిన మందులు

పెళ్లయిన ఆరేళ్లకు, 2003లో, రెబెకా గుంటూరులోని ఒక సంతాన వైద్యశాలలో స్కానింగ్ బల్ల మీద పడుకుని ఉంది. వరుసగా ఇది మూడో నెల. మిరప యార్డులో తొడిమలు తీసే పని ఆ పూటకు మానుకుని తల్లి పున్నమ్మ తోడు వచ్చింది. బిడ్డ నిలవాలంటే గర్భసంచి లోపలి పొర కనీసం ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరగాలి. ఎన్ని మాత్రలు వాడినా రెబెకాకు నాలుగు దాటడం లేదు.

"పెళ్లికి ముందు టి.బి. ఏమన్నా వచ్చిందామ్మా?" అని డాక్టర్ ఖుర్షిదా అడిగింది.

రెబెకా తల్లి వైపు చూసింది.

"మా ఇంటావంటా లేదండీ," అంది పున్నమ్మ గబగబా.

ఆడపిల్ల దగ్గితే ముందు తలుపు మూసే ఇళ్లు మనలో ఎన్ని లేవు?

డాక్టరు పొర ముక్క తీసి పరీక్షకు పంపింది. ఆ ఫలితం వచ్చిన రోజు రెబెకా భర్త, బడిపంతులు నతానియేలు కూడా వచ్చాడు.

"టి.బి.యే. ఏళ్లనాటిది, ఊపిరితిత్తుల నుంచి గర్భసంచికి పాకింది. లోపల గోడలు అతుక్కుపోయాయి. మందులతో జబ్బు తగ్గుతుంది. పొర పెరుగుతుందని మాత్రం చెప్పలేను," అంది ఖుర్షిదా.

పున్నమ్మ అల్లుడి వైపు తిరిగింది. "పదిహేడో ఏట వచ్చింది బాబూ. ఆర్నెల్లు వాడాల్సిన ప్రభుత్వాసుపత్రి మాత్రలు రెండు నెలలే మింగింది. ఇంతలో మీ సంబంధం వచ్చింది. తెలిస్తే చేసుకోరని నేనే మాన్పించా."

"చెప్పుంటే ఆర్నెల్లు ఆగేవాణ్ణి అత్తయ్యా. ఆర్నెల్లేగా," అన్నాడు నతానియేలు.

తిట్టినా బాగుండుననిపించింది పున్నమ్మకు.

రెబెకా ఈసారి మందులు పూర్తిగా వాడింది. మరో ఏడాది స్కానింగులు తీశారు. పొర నాలుగు దగ్గరే ఆగిపోయింది. ఒకరోజు చీర సర్దుకుంటూ, "మళ్లీ ఎప్పుడు రమ్మంటారండీ?" అని అడిగింది.

"ఇంక రావద్దులే అమ్మా," అంది ఖుర్షిదా, ఆమె చెయ్యి పట్టుకుని.

ఆ వేసవిలో, యార్డులో పున్నమ్మతో పనిచేసే పుల్లమ్మ కూతురు మూడు వారాలుగా దగ్గుతోంది. ఆసుపత్రిలో చూపించమంది పున్నమ్మ.

"మిరప ఘాటులే అక్కా. సంబంధం చూస్తున్నాం, గోల చెయ్యకు," అంది పుల్లమ్మ గొంతు తగ్గించి.

పున్నమ్మ గొంతు తగ్గించలేదు. కూలీలందరూ వినేలా చెప్పింది.

"నా కూతురికి టి.బి. వచ్చింది. మందులతో పోయే జబ్బు. పెళ్లి చెడుతుందని నేనే దాచి, దాని కడుపు ఎండబెట్టా. రేపే పిల్లని తీసుకెళ్లు పుల్లమ్మా. జబ్బు రావడం తప్పు కాదే, దాచడం తప్పు."