పదికి పది

నేను బాగున్నానట. ఆశ్రయ గృహం వాళ్ళు కాగితం మీద తేల్చేశారు. వరుసగా మూడు నెలలు పదికి పది చెప్పాను కాబట్టి ఇక నన్ను ఇంటికి పంపించేస్తారట. ఏ ఇంటికి? మా పిన్ని ఇంటికి! ఆ మాట చెవిన పడగానే నా ఒళ్ళు మండిపోయింది.

ఈ పది సంగతి చెప్తాను. నెలాఖరున కౌన్సిలర్ మేడం ఒక్కొక్కరినీ పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతుంది. నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? మనసెలా ఉంది? ఒకటి నుంచి పది లోపు అంకె చెప్పాలి. మా గదిలో ఉన్న ఆరుగురమూ పదే చెప్పాం. చెప్పమా మరి? మమ్మల్ని పెట్టి వ్యాపారం చేసిన ఆ మేడలో, ఎవడు "ఎలా ఉన్నావ్?" అన్నా "బాగున్నా" అనాలి. నవ్వుతూ అనాలి. అనకపోతే ఆ పూట దెబ్బలే. నాలుగేళ్ళు అదే నూరిపోశారు. ఎలా ఉన్నావని అడిగితే ఇప్పటికీ మా నోటికి వేరే జవాబు రాదు. అంత చదువుకున్న మేడంకి ఇది తెలియొద్దూ? తెలుసు, నా మొహం! మా పదులు చూసుకుని మురిసిపోయి పైవాళ్ళకు పంపింది.

మంగళవారం కుట్టుగదిలో బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతుంటే పిలుపొచ్చింది. ఆఫీసు గదిలో పిన్ని కూర్చుని ఉంది. కొత్త చీర, ఒళ్ళో పళ్ళ సంచి. నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు అందుకుంది.

"నా తల్లే! ఎంత చిక్కిపోయావే! అమ్మ లేని పిల్లవని కళ్ళల్లో పెట్టుకుని పెంచానే!"

"ఏ కంట్లో పిన్నీ?" అన్నాను.

మేడం కసిరింది. "పెద్దావిడతో అలాగేనా మాట్లాడేది? పాపం, పొద్దున్నే బయల్దేరి వచ్చింది. సంతకం పెట్టేస్తే సాయంత్రం బండికి ఇద్దరూ వెళ్ళిపోవచ్చు."

"నేను వెళ్ళను."

"అదేంటమ్మా? మొన్న కూడా పది చెప్పావు కదా."

"అబద్ధం చెప్పాను. నాకు నిద్ర లేదు. తలుపు చప్పుడైతే చెమటలు పడతాయి. బాగున్నాననడం అలవాటైపోయి అన్నాను, అంతే."

పిన్ని చటుక్కున కళ్ళు తుడుచుకుని మేడం వైపు వంగింది. "దానికి చిన్నప్పటి నుంచీ మొండితనమేనండీ. నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే దారికొస్తుంది. నేను చూసుకుంటాగా."

భయమేసింది. 'పని ఇప్పిస్తారు, మనవాళ్ళే, చూసుకుంటారు' అని చెప్పి అప్పట్లో పిన్నే నన్ను రైలెక్కించింది. ఈసారి ఎక్కిస్తే కొత్త ఊళ్ళో కొత్త మేడ. మళ్ళీ బయటపడే ఓపిక నాకు లేదు.

"మేడం, నన్ను అమ్మింది ఈవిడే."

"అయ్యో అయ్యో! కళ్ళు పోతాయే!" అంది పిన్ని.

మేడం నా మీదే లేచింది. "ఇంత పెద్ద మాట ఇప్పుడా చెప్పడం? ఇన్నాళ్ళూ నా ఎదురుగానే కూర్చున్నావే! ఒక్కసారైనా నాకు చెప్పావా?"

"చెప్పాను. వచ్చిన మొదటి రోజే, ఈ కుర్చీలోనే. మీరు రాసుకున్నారు కూడా. రాసుకుని, పాతవి తవ్వుకోకమ్మా, మనసు కుదుటపడదు అన్నారు. తవ్వుకోలేదు."

ఆవిడ చిరాగ్గా ఫైలు లాక్కుంది. పైన పదుల కాగితాలు. వాటిని తిప్పుతూ తిప్పుతూ అట్టడుగు కాగితం దగ్గర ఆగిపోయింది. అది ఆవిడ దస్తూరీయే. మొహం పాలిపోయింది.

పిన్ని సంచి తీసుకుని లేచింది. "బండి టైమవుతోందండీ. దానికిష్టం లేకపోతే బలవంతం ఎందుకు, ఇంకోసారి వస్తాను."

నేను వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. అవతల కుట్టుగదిలో మిషన్లు ఆగిపోయాయి. మిగతా అయిదుగురూ వరండాలోకి వచ్చేశారని అడుగుల చప్పుడు బట్టి తెలుస్తూనే ఉంది.

"కూర్చో పిన్నీ, అంత తొందరేంటి? మేడం, చదవండి."

మేడం ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. చివరికి కాగితం ఎత్తి పట్టుకుని గొణిగింది. "తల్లి పోయిన ఆరు నెలలకు... పిన్నే స్వయంగా స్టేషన్‌కి తీసుకెళ్ళి, ఇద్దరు మగవాళ్ళకు..."

అంతటితో ఆపి కాగితం దించేసింది.

"బయటికి వినపడటం లేదు," అన్నాను. "గట్టిగా చదవండి."